తుప్పు పట్టని హ్యాండిల్

పాలలో నీళ్ళు కలిపేవాళ్ళు మా తాద్లా మైదానంలో ఉండొచ్చు. ఉండొచ్చేమిటి, ఉన్నారు. పేర్లు అడిగితే ఇప్పుడే చెప్తాను గానీ రేపు నన్ను మీరే దాచిపెట్టాలి. కథలో నీళ్ళు కలిపే అలవాటు మాత్రం నాకు లేదు. ఇన్ని వారాలుగా చెప్తున్న ఈ కథ పొదుగు నుంచి నేరుగా మీ గిన్నెలో పడ్డది. చుక్క కలిసిందని ఎవరైనా రుజువు చేస్తే గడ్డం గొరిగించుకుని, గాడిద మీద తోకవైపు తిరిగి కూర్చుని, సంత మొత్తం ఊరేగుతాను.

సరే, పోయిన వారం ఎక్కడ ఆపాం? ఔలాద్ సమ్మార్ ఊరి పాల సంఘానికి ఎండతో నడిచే కూలింగ్ ట్యాంకు, ఊరి చేలన్నిటికీ కలిపి ఒక సోలార్ పంపు వచ్చాయి కదా. అవి ఊరికే రాలేదు. సంఘంలో ఏ ఒక్కరూ బావి మీద డీజిల్ ఇంజను తిప్పకూడదన్నది ఇచ్చినవాళ్ళ షరతు. ఏడాది తిరిగాక వచ్చి చూస్తామన్నారు. ఒక్క ఇంజను పొగ వదిలినట్టు తేలినా ట్యాంకూ సోలార్ పలకలూ విప్పి పక్క ఊరికి ఇచ్చేస్తామన్నారు. దానికి మావాళ్ళు తమ పద్ధతిలో తాళం వేశారు. ఇంజను తిప్పే ఇనప హ్యాండిల్ ఊడదీస్తే ఇక మిగిలేది దిమ్మే గదా! ప్రతి ఇంటివాళ్ళూ తమ హ్యాండిల్‌కి ఒక రంగు ఉన్నిదారం కట్టి తెచ్చి పాలకేంద్రం గోడకు తగిలించారు. ఆ గది తాళంచెవి మహ్జూబా మెడలో పడింది.

మహ్జూబా అంటే తెలుసుగా, పొద్దునా సాయంత్రం క్యాన్ల మూతలు తీసి పాలు వాసన చూసి ట్యాంకులో పోయించే మనిషి. భర్త పోయాక ఆ గదే ఆమెకు కూడూ గుడ్డా, నలుగురిలో మాటా. అందుకే ఆ రోజు ట్యాంకు మీద చెయ్యి వేసి అందరి ముందూ ఒట్టేసింది: "ఈ గోడ మీంచి ఒక్క హ్యాండిల్ దిగినా నేనీ గడప దిగిపోతా. మళ్ళీ ఎక్కితే నా పేరు మార్చండి."

పోయిన వారం ట్యాంకు పాలలో డీజిల్ వాసన వచ్చింది. ట్యాంకరు డ్రైవరు ముక్కు మూసుకుని ఖాళీ బండితో వెనక్కి పోయాడు. పాలన్నీ కాలవ పాలయ్యాయి. ఖర్మకాలి ఆ పొద్దున మహ్జూబాకి జలుబు. సాయంత్రం ఇంటికి పోతూ, పొరుగింటి బువాజ్జా తన కొట్టంలో ఒక డ్రమ్ము మీదికి గడ్డి లాగుతుండగా చూసింది. అక్కడ ఆపాను. అక్కడ ఆపినందుకు కొందరు నన్ను తిట్టారని విన్నాను. తిట్టండి, పాలు విరగవు.

ఇక ఇప్పుడు, ట్యాంకు ఇచ్చినవాళ్ళు చూసిపోవడానికి రేపు పొద్దున వస్తున్నారు. ఇవాళ మధ్యాహ్నం మహ్జూబా నిద్రపోతోంది.

అత్తగారు దావియా చేసే సైకూక్ తిన్నాక నిద్రపోనివాడిని ఈ మైదానంలో నేనింకా చూడలేదు. బార్లీ రవ్వ ఆవిరి మీద ఉడికించి, చల్లార్చి, చిక్కటి మజ్జిగలో ముంచి ఇస్తుంది. ఎండలో అది కడుపులో పడితే కళ్ళ మీద ఎవరో తడిగుడ్డ పరిచినట్టుంటుంది. కోడి కూయకముందే లేచే మహ్జూబా సంగతి చెప్పాలా! గిన్నె ఖాళీ చేసి, మెడలోని ఎర్రదారం తీసి తాళంచెవి దిండు కింద పెట్టుకుంది. అత్తగారు పక్కన చాప మీద కూర్చుని తాటాకు విసనకర్రతో ఈగలు తోలుతోంది. అంతే, లోకం మునిగిపోయింది.

తలుపు దబదబా మోగేసరికి ఉలిక్కిపడి లేచింది. వాకిట్లో సంఘం పెద్ద హాజీ జిలాలి, అతని వెనక ఇంకో పదిమంది.

"లే మహ్జూబా! మోగింది!"

"ఏం మోగింది హాజీ?"

"ఏం మోగుతుంది, పెళ్ళి బాజానా? ఇంజను! కొండగాలి ఇటు తిరగ్గానే డబడబమని అందరం విన్నాం. కాసేపటి కిందటే ఆగింది."

"నాకేం వినపడలేదే!"

"నీకెందుకు వినపడుతుందిలే," అన్నాడు వెనకనుంచి ఎవరో. "మొన్న వాసన తెలీలేదు, ఇవాళ చప్పుడు తెలీలేదు. రేపు వచ్చేవాళ్ళు ఎదురుగా నిలబడ్డా కనపడరేమో!"

నవ్వులు. మహ్జూబాకి చెవులు వేడెక్కాయి. జలుబు చేసిన ముక్కుకి సాక్షి ఎవరు? నిద్రపోయిన చెవికి సాక్షి ఎవరు? తాళంచెవి తన దగ్గరుంది, ఇంజను ఎక్కడో తిరుగుతోంది. ఊరు ఆ రెండూ కలిపి కూడుకుంటోంది. ఆ కూడిక తనకీ తెలుసు.

దావియా విసనకర్ర పక్కన పెట్టింది. "తెల్లారకముందు లేచిన దాన్ని కాసేపు కునుకు తీయనివ్వరా? ఇంజనో, ఉరుమో, మీ చెవుల్లో గుబిలో!"

"ఆకాశంలో గుప్పెడు మబ్బు లేదు పిన్నీ, ఉరుమెక్కడిది?" జిలాలి గొంతు తగ్గించాడు. పెద్దావిడ దగ్గర అందరూ గొంతు తగ్గిస్తారు. తరవాత మిగతావాళ్ళ వైపు తిరిగి, "ఇంకా ఆలోచనెందుకు? గడ్డి కింద డ్రమ్ము ఎవరిది? పదండి బువాజ్జా కొట్టానికి!" అన్నాడు.

మహ్జూబా దిండు కింద చెయ్యి పెట్టింది. తాళంచెవి ఉంది. పెట్టినచోటే ఉంది. మెడలో వేసుకుని ఊపిరి పీల్చుకుంది.

కాలవ గట్టు మీద నడక. కాలవలో నీళ్ళకన్నా పగుళ్ళెక్కువ. ఆనకట్ట నుంచి వంతు నీళ్ళు ఆగిపోయి చాలా కాలమైంది. అందుకే అందరి ప్రాణమూ బావుల్లోనే ఉంది. ఆవుకి లూసర్న్ మేత కావాలి, లూసర్న్‌కి నీళ్ళు కావాలి, నీళ్ళకి ఇంజను కావాలి. నిన్నమొన్నటిదాకా ఊరి లెక్క అదే. సంతలో ఒకే వర్తకుడి దగ్గర అందరూ కొన్న ఇంజన్లు, అన్నీ ఆకుపచ్చ రంగువే, ఒకే తల్లి పిల్లల్లా చేనుకొకటి కూర్చుని పొగ ఊదేవి. ఆ పొగను లెక్క కట్టేవాళ్ళు వచ్చిన రోజు ఊళ్ళో నవ్వినంత నవ్వు పెళ్ళిళ్ళలో కూడా నవ్వలేదు. ప్రతి లీటరు పాల వెనకా ఇంత పొగ ఉందని వాళ్ళు చెప్పారు. "పాలలో పొగా? మా ఆవు చుట్ట కాలుస్తుందా?" అన్నారు మావాళ్ళు. ఆవు తేన్పులో కూడా ఆకాశాన్ని వేడెక్కించే గాలి ఉందని చెప్పారు. "అయితే పండగనాడు మా మామగారి తేన్పు ఎవరి ఖాతాలో?" అన్నారు. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కొండ మీద మంచు ఏడాదికేడాది తగ్గుతోందని చూడ్డానికి చదువు అక్కర్లేదు, తల ఎత్తితే చాలు. డీజిల్ కోసం పట్నం పోనక్కర్లేని రోజు ఎంత హాయిగా ఉందో కూడా ఎవరూ చెప్పనక్కర్లేదు. పేడగుంత మీది గోబర్ గ్యాసుతో నీళ్ళు కాగి, ఆ ఆవిరితో క్యాన్లు కడిగిన మొదటి రోజు మహ్జూబా తనే అందరినీ పిలిచి పిలిచి ఆ మంట చూపించింది.

ఇప్పుడదంతా ఒక దొంగ ఇంజను దగ్గరికొచ్చి ఆగింది.

బువాజ్జా కొట్టం ముందు మంచం మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. మనిషికన్నా మీసం ముందు లేచింది.

"ఏంటి, ఊరంతా వచ్చింది? నేను చచ్చిపోయానని ఎవరైనా చెప్పారా? చెప్తే ఖర్జూరాలు తెచ్చారా మరి?"

"ఇంజను చూపించు," అంది మహ్జూబా.

"ఓహో, వదినగారూ! హ్యాండిల్ నీ దగ్గర, తాళంచెవి నీ మెడలో, ఇంజను మాత్రం నేను తిప్పానా? దేంతో తిప్పానమ్మా, మీసంతోనా?"

"నిన్ను మాటలడగలేదు. జరుగు."

కొట్టం మూల ఇంజను ఉంది. మహ్జూబా నేరుగా వెళ్ళి అరచెయ్యి దాని ఒంటి మీద మోపింది. ఇనుము అబద్ధమాడదు. మనిషి మాట చల్లారినంత తొందరగా ఇనుము చల్లారదు. చల్లగా ఉంది. బావి అడుగు రాయంత చల్లగా ఉంది. చక్రానికి అడ్డంగా సాలెగూడు. ఇంకాస్త వంగి చూడబోతే "కొక్కొక్కో" అని ఏదో లేచి ఆమె ముంజేతిని టక్కున పొడిచింది. డీజిల్ పోసే గరాటులో గడ్డి పరిచి, ఒక ఎర్రకోడి గుడ్ల మీద కూర్చుని ఉంది.

"అదిగో నా సాక్షి!" బువాజ్జా మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "ఇరవై రోజుల్లో పిల్లలొస్తాయి. ఇంజను తిప్పితే పిల్లలు మసిబొగ్గులయ్యేవి. అడగండి, కోడినడగండి! అది నాలాగా కాదు, మక్కా పోయొచ్చినవాళ్ళలా నిజమే చెప్తుంది."

జిలాలి ఆ చురక దిగమింగి, "మరి డ్రమ్ము?" అన్నాడు.

బువాజ్జా మీసం కాస్త కిందికి దిగింది.

"ఏ డ్రమ్ము?"

"నువ్వు గడ్డి కప్పిన డ్రమ్ము. నా కళ్ళతో చూశా," అంది మహ్జూబా.

"కళ్ళు పనిచేస్తున్నాయన్నమాట. ముక్కే పనిచెయ్యదు."

 మహ్జూబాకి జలుబు తగ్గి నాలుగు రోజులైంది. ఇప్పుడు ముక్కు దాని పని అది చేస్తోంది. ఇంజను దగ్గర పాత నూనె కంపు, కోడి కంపు. అంతే. పచ్చి డీజిల్ వాసన వస్తున్నది గడ్డివైపు నుంచి కాదు. అటు తిరిగి, ఇటు తిరిగి, ఆ వాసన పట్టుకుని నడిచింది. బువాజ్జా ఆవు జర్గా కట్టుకొయ్య దగ్గర నెమరేస్తోంది. మహ్జూబా దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పొదుగు దగ్గర ముక్కు పెట్టింది.

లేచినప్పుడు ఆమె మొహంలో కోపం లేదు. నమ్మలేనితనం ఉంది.

"నువ్వు ఆవుకి డీజిల్ పూశావా?"

 ఇంటి లోపల్నుంచి బువాజ్జా భార్య ఇజ్జా గొంతు వచ్చింది. "అడుగక్కా, గట్టిగా అడుగు! వారం నుంచి నా చేతులు లారీ మెకానిక్ చేతుల్లా కంపు కొడుతున్నాయని మొత్తుకుంటున్నా. ఆ చేతుల్తో పిండి పిసికితే రొట్టె కూడా స్టార్టయ్యేట్టుంది!"

"నువ్వూరుకో!" అని లోపలికి అరిచి, బువాజ్జా నలుగురి వంకా చూశాడు. చూసి, చూసి, మంచం మీద కూలబడ్డాడు. "పిడుదులు. పొదుగు నిండా పిడుదులు. ఇంత లావు, శనగల్లా. మా నాయన డీజిల్ గుడ్డతో తుడిచేవాడు. మర్నాటికి రాలిపోయేవి. డ్రమ్ములో మిగిలిన డీజిల్ ఉంది. ఇంజనుకు పోయకూడదన్నారు, పోయలేదు. కాలవలో పారబోద్దామంటే మనసు రాలేదు. కష్టపడి మోసుకొచ్చుకున్నది గదా! ఇంజనుకు వద్దన్నారు గానీ ఆవుకు వద్దని ఎవరైనా చెప్పారా?"

 ఎవరో ముక్కుతో నవ్వారు. ఆ నవ్వు అంటుకుని కొట్టమంతా కాలింది. జర్గా కూడా తలెత్తి చూసింది.

"హ్యాండిల్ ఏదిరా ఆ ఇంజనుకు?" అన్నాడొకడు జర్గా తోక పట్టుకుని. "ఇదేనా?"

"నవ్వండి," అంది మహ్జూబా. నవ్వు ఆమెకూ వచ్చింది. "ట్యాంకు పాలు కాలవలో కలిపిన మనిషి వీడు. దొంగతనంతో కాదు, తెలివితక్కువతనంతో. బువాజ్జా, జర్గా పాలు వాసన పోయేదాకా కేంద్రానికి తేకు. పొదుగు వేడినీళ్ళతో సబ్బు పెట్టి కడుగు. పిడుదుల మందు నేను తెప్పిస్తా. ఆ డ్రమ్ము రేపటికి ఊళ్ళో కనపడకూడదు."

"సరే వదినా. తప్పే." బువాజ్జా ఇంత మెత్తగా మాట్లాడ్డం ఊళ్ళో ఎవరూ వినలేదు. ఆ మెత్తదనం ఎంతసేపు? ఆవులిస్తే ఆరిపోయేంత. "కానీ ఒక మాట అడగనా? పాలలో వాసన నాది. ఒప్పుకున్నా. మరి ఇవాళ మోగిన ఇంజను ఎవరిది?"

నవ్వులు ఆగాయి.

"సోలార్ పంపు నీళ్ళు మొదటి చేను నుంచి వంతు ప్రకారం వస్తాయి," అన్నాడు బువాజ్జా. "మధ్యలో ఉన్న నాకే ఎర్రగాలి లేచిన రోజు మడి తడవదు. పలకల మీద దుమ్ము కప్పేస్తే పంపు పిల్లి ఉమ్మినట్టు ఉమ్ముతుంది. నా లూసర్న్ చూడండి, మా తాత గడ్డంలా ఉంది. వదిన చేను ఎక్కడుంది? వంతులో తోక చివర! మరి అది చూడండి, చిలకలా ఎంత పచ్చగా ఉందో! నీ చేను మాత్రం దేవుడే బిందె పట్టుకుని తడుపుతున్నాడా వదినా?"

"నా చేను మా అత్త చూసుకుంటుంది," అంది మహ్జూబా. గొంతు తను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "ఆ వయసులో పార పట్టుకుని మడవ తిప్పుతుంది. నీలా మంచమెక్కి మీసం దువ్వదు!"

"పెద్దావిడనేం అనలేదమ్మా. ఆమె పాదాలు కడిగి నెత్తిన పోసుకుంటా. అడిగింది తాళంచెవి ఎవరి మెడలో ఉందో వాళ్ళని."

ఎవరూ ఆమె వంక నేరుగా చూడలేదు. అందరూ కిందికి చూశారు. అదే ఇంకా బరువుగా ఉంది.

జిలాలి చేతికర్ర నేల మీద కొట్టాడు. "చాలు. మనలో మనం కొట్టుకుంటే రేపు వచ్చేవాళ్ళకి పని తగ్గుతుంది. వాళ్ళు రాగానే గోడ ముందు నిలబడి, హ్యాండిళ్ళన్నీ ఉన్నాయని చూపిద్దాం. అందాకా ఎవరూ ఆ గది తెరవద్దు. మహ్జూబా, నువ్వు కూడా. సాయంత్రం పాలు పంచలో పోయించు, గొట్టం వేసి ట్యాంకులోకి పంపుదాం."

ఆ మాట మంచిదే. కానీ మహ్జూబాకి ఎక్కడో గుచ్చింది. తెరవద్దని ఎందుకన్నట్టు?

అందరూ విడిపోయాక ఆమె తిన్నగా పాలకేంద్రానికి వెళ్ళి తలుపు తెరిచింది.

లోపల ఎప్పటిలా చెమ్మ. రోజూ వేడినీళ్ళతో క్యాన్లు కడుగుతారు కాబట్టి ఆ గది గోడలకు స్నానాలగదిలా చెమట పడుతుంది. ఆ చెమ్మకి ఇనుము ఏదైనా వారం తిరక్కుండా ఎర్రబడుతుంది. గోడ మీద హ్యాండిళ్ళు వరసగా ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. పసుపు ఉన్ని, ఎర్ర ఉన్ని, నల్ల ఉన్ని. బువాజ్జాది ఆకుపచ్చ. ముట్టుకుంటే తుప్పు పొడి వేళ్ళకి అంటింది. పక్కది, తుప్పు. దాని పక్కది, తుప్పు. ఒక్కొక్కటే తడుముతూ పోయింది. గుండె తేలికపడుతోంది. ఇంకో నాలుగు. ఇంకో రెండు.

చివరిదాని మీద చెయ్యి జారింది.

తుప్పు లేదు. పట్టుకునేచోట ఇనుము అద్దంలా మెరుస్తోంది. కొస దగ్గర తాజా గ్రీజు. దానికి కట్టిన ఉన్ని నీలం. ఆ నీలం ఉన్ని మహ్జూబా స్వయంగా వడికింది. ఆ హ్యాండిల్ తన భర్తది.

 ఏం చెయ్యాలో తోచనప్పుడు మనిషికి మొదట తోచేది చెడ్డ పనే. పక్కనే నీళ్ళ తొట్టి, ఉప్పు డబ్బా. ఉప్పునీళ్ళు రాసి వదిలితే పొద్దుటికి ఎంతోకొంత ఎర్రబడదూ? చెయ్యి ఉప్పు డబ్బా దాకా వెళ్ళింది కూడా. మూత తీసింది. ట్యాంకు మీద చెయ్యి వేసి ఊరందరి ముందూ తను అన్న మాట ఆ చెమ్మగోడలకింకా అంటుకుని ఉన్నట్టనిపించింది. మూత పెట్టేసింది. గదికి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో బిగించి, తోక చివరి చేనుకి బయల్దేరింది. పరుగెత్తలేదు. పరుగెత్తితే చూసేవాళ్ళు అడుగుతారు.

లూసర్న్ మోకాలెత్తు ఉంది. నిన్నటిదాకా ఆ పచ్చదనం చూసి అల్‌హమ్దులిల్లా అనుకునేది. అత్తకి దండం పెట్టుకునేది. ఇవాళ అడుగు పెడితే మట్టి చెప్పుకి అంటుకుంది. తడి. ఇవాళ్టి తడి. ఇవాళ వంతు తమది కాదు.

ఆలివ్ చెట్ల వెనక రేకుల కొట్టం. పాత గోనెలు కప్పిన ఆకుపచ్చ ఇంజను. భర్త పోయాక దాన్ని ఆమె కళ్ళారా చూడ్డమే మానేసింది. గోనెలు తొలగించింది. బువాజ్జా కొట్టంలోలాగే అరచెయ్యి చాపింది. చాపి, ఒక్క క్షణం గాలిలో ఆపింది. 'చల్లగా ఉండు తల్లీ, చల్లగా ఉండు' అనుకుని మోపింది.

వేడిగా ఉంది.

"చెయ్యి కాలుతుందే పిల్లా, తియ్యి."

దావియా గుమ్మంలో నిలబడి ఉంది. చీలమండల దాకా బురద, భుజాన పార. ఆ మొహంలో భయం లేదు, సిగ్గు లేదు, దాచుకున్నది ఇక మొయ్యక్కర్లేదన్న తేలిక మాత్రం ఉంది.

"నా దిండు కింద నుంచా అత్తా?"

"మరెక్కడ పెడతావు?"

"నాకు సైకూక్ పెట్టి, పడుకోబెట్టి, ఈగలు తోలి..."

"ఈగలు నిజంగానే తోలాను," అంది దావియా నొచ్చుకుని. "నువ్వు నిద్రపోయాకే లేచాను. చేను ఎండితే ఆవు ఎండుతుంది. ఆవు ఎండితే నీ ట్యాంకులో మనం పోసేదేమిటి, కన్నీళ్ళా? నీ సోలార్ నీళ్ళు తోక దాకా రావడం లేదని నీకెన్నిసార్లు చెప్పబోయాను! నీళ్ళొచ్చాయా అత్తా అని నువ్వే అడుగుతావు, వచ్చాయని నేను చెప్పేదాకా నా మొహంలోకే చూస్తావు. రాలేదని ఎలా చెప్పను? ఊరందరి ముందూ దాని మీద ఒట్టేసుకుని కూర్చున్నదానివి!"

మహ్జూబా గోనెల మీద కూర్చుండిపోయింది. "రేపు నేను గడప దిగాలి. దిగితే రొట్టె లేదు. దిగకపోతే మాట లేదు. ఇంకెవరికైనా తెలుసా?"

 దావియా పార గోడకానించి, తలగుడ్డ సర్దుకుని, కోడల్ని ఒక వింత చూపు చూసింది. పసిదాన్ని చూసినట్టు.

"పిచ్చిపిల్లా. ఊళ్ళో ఇంజన్లన్నీ ఒకే వర్తకుడి దగ్గర కొన్నవి. ఒకటే సైజు. నీలం ఉన్ని హ్యాండిల్ నా ఇంజనొక్కదానికే పడుతుందనుకుంటున్నావా?"

అంటే ఈ హ్యాండిల్ ఇంకెవరి ఇంజన్నో కూడా తిప్పిందన్నమాట! అంతలోనే బయట ఆలివ్ ఆకులు నలిగిన చప్పుడు. దావియా చటుక్కున కోడలి భుజం నొక్కి ఇంజను వెనక్కి తోసి, గోనె ఆమె మీద కప్పింది.

రేకు తలుపు మీద కర్రతో మెల్లిగా తట్టారు. తరవాత చాలా పరిచయమైన గొంతు, సంఘం కోసం పెట్టే గొంతు కాదు, దొంగచాటు గొంతు:

"పిన్నీ! ఇంజను చల్లారిందా? నీ కోడలు గది తెరిచింది, నా కళ్ళతో చూశా. రేపు గోడ ముందు ఏం చెప్పాలో నేను చూసుకుంటా. హ్యాండిల్ దించిందీ తగిలించిందీ మహ్జూబాయే అని మనం ముగ్గురం ఒక్కమాట మీదుంటే చాలు."

గోనె కింద మహ్జూబా ఊపిరి ఆగింది. హాజీ జిలాలి. అత్త, హాజీ, ఇద్దరయ్యారు. ఆ మూడో మనిషి?

ఇక్కడ నేను కూడా ఊపిరి ఆపి, ఒక సంగతి ఒప్పుకోవాలి. బువాజ్జా గరాటులో కోడి లేదు. సాలెగూడు ఉంది, ఇంజను చల్లగా ఉంది, అంతే. ఉత్త సాలెగూడు చెప్తే మీరు వాణ్ణి నమ్మరేమోనని కోడిని నేనే తెచ్చి కూర్చోబెట్టాను, గుడ్లతో సహా. సరే, గడ్డం గొరగడానికి మంగలిని పిలవండి, గాడిదని నేనే తెచ్చుకుంటా. కానీ కోడి ఒక్కటే నేను పోసిన నీళ్ళు. తలుపు అవతల జిలాలి అన్న మాట మాత్రం, నా మీద నమ్మకం ఏమాత్రం మిగిలినా నమ్మండి, చిక్కటి పాలు.